అందరూ వద్దనే సలహాలు: సున్నితమైన చర్మంతో విమానం ఎక్కేవాళ్లకు

అమెరికాలో కూతురి దగ్గరికో, దుబాయ్‌లో తమ్ముడి దగ్గరికో బయల్దేరే ముందు వారం రోజులు మన ఇళ్లలో రెండు పనులు తప్పకుండా జరుగుతాయి. ఒకటి, పచ్చళ్లు, పొడులు కట్టడం. రెండు, ప్రయాణం కోసమని ముద్దొచ్చే చిన్న చిన్న సీసాలు కొనుక్కురావడం. మొదటిదాని జోలికి నేను పోను. రెండోది మాత్రం మానుకోమని బతిమాలుతున్నాను. సబ్బు మారితే చాలు బుగ్గలు ఎర్రబడి, స్వెటర్ తగిలితే మెడ దురదపెట్టి, ఏ క్రీము రాసినా చుర్రుమనే చర్మం మీదైతే మరీ మరీ చెబుతున్నాను.

నేను చెప్పబోయేవి చాలావరకు మీ వదినగారు, బ్యూటీ పార్లర్ అమ్మాయి, మాల్‌లో క్రీములమ్మే కుర్రాడు చెప్పేవాటికి ఎదురుగా ఉంటాయి. వినగానే తప్పుడు సలహాలనిపిస్తాయి. వాటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: మీరు ఊరు దాటిన సంగతి మీ చర్మానికి తెలియకూడదు. గాలి మారుతుంది, నీళ్లు మారతాయి, నిద్రవేళలు మారతాయి, దిండు గలీబు ఉతికిన పౌడరు కూడా మారుతుంది. వీటిలో ఏదీ మన చేతిలో లేదు. ఒంటికి రాసుకునేది ఒక్కటే మన చేతిలో ఉంది. దాన్ని కూడా మార్చేస్తే చర్మానికి తెలిసిన చుట్టమంటూ ఒక్కరూ మిగలరు.

ప్రయాణం కోసం ఏదీ కొత్తగా కొనకండి

కొత్త క్రీముతో వచ్చే గొడవలు రెండు రకాలు. రాసిన కాసేపటికే మండితే ఆ వస్తువు చర్మానికి గిట్టలేదన్నమాట. కడిగేసి, మళ్లీ రాయకుండా ఉంటే సద్దుమణుగుతుంది. రెండోది అలర్జీ. అది నెమ్మదిగా వస్తుంది. కొత్తగా తగిలిన రసాయనాన్ని మన రోగనిరోధక కణాలు శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మాత్రం అది తగిలినప్పుడల్లా ఒకటి నుంచి మూడు రోజుల్లో దద్దు లేస్తుంది. అంటే శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు రాత్రి చెవి వెనక రాసి చూసి, పొద్దున్నకి ఏమీ కాలేదని సంచీలో వేసుకున్న క్రీము, డాలస్‌లో దిగిన మూడో రోజున కనురెప్పలు వాచేలా చెయ్యగలదు. అప్పుడు ఆ క్రీముని ఎవరూ అనుమానించరు. అక్కడి నీళ్లు పడలేదంటారు, చలి పడలేదంటారు. దాన్నే ఇంకాస్త దట్టంగా రాయమంటారు.

కొత్తది తప్పదనుకుంటే పరీక్షకి సమయం ఇవ్వండి. మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట, రోజుకి రెండుసార్లు, అదే చోట, ఏడు నుంచి పది రోజులు రాయండి. సబ్బు, షాంపూ లాంటి కడిగేసేవాటిని మాత్రం మామూలుగా వాడేటప్పుడు ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడిగేయండి. చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్టు కూడా ఒక్క రోజులో తేలేది కాదు. వీపు మీద అంటించిన పట్టీలు 48 గంటలు ఉండాలి, తీసేశాక మరో ఒకటి రెండు రోజులకి మళ్లీ చూడాలి. వైద్యులకే అన్ని రోజులు పట్టే పని మనకి ఒక్క రాత్రిలో ఎలా తేలుతుంది? టికెట్ తేదీ నుంచి వెనక్కి రెండు వారాలు లెక్కపెట్టుకోండి. ఆ తేదీ తర్వాత ఇంట్లోకి వచ్చిన ఏ క్రీమూ, ఏ షాంపూ మీతో విమానం ఎక్కకూడదు. పెళ్లికి వెళుతున్నా సరే.

ఇదే లెక్క జుట్టు రంగుకీ వర్తిస్తుంది. బయల్దేరే ముందు రోజు తలకి రంగు వేసుకోవడం మనవాళ్లకి ఆచారంలా తయారైంది. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారా ఫెనిలీన్ డయమైన్ గట్టి అలర్జీ కారకం. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని రంగు కూడా ఒకరోజు ఉన్నట్టుండి పడకపోవచ్చు. అది మొదలయ్యేది వేసుకున్న గంటలో కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత. నుదురు, చెవులు, కనురెప్పలు వాచి, తల మీద రసి కారే స్థితిలో పరాయి దేశంలో డాక్టర్ కోసం వెతుక్కోవడం ఎంత నరకమో, ఎంత ఖర్చో ఊహించండి. రంగు రెండు వారాల ముందే వేసుకోండి. దిగేసరికి మొదళ్లలో కాస్త తెల్లదనం కనిపించినా మనవడికేమీ పట్టదు. ఫేషియల్, బ్లీచ్, వ్యాక్సింగ్ కూడా అంతే. ముఖం మీద పైపొర గీరించుకుని, వెంటనే వెళ్లి పొడిగాలిలో ఇరవై గంటలు కూర్చోవడం చర్మానికి చేసే ద్రోహం.

బొట్టుబిళ్లల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. నుదుటి మీద బొట్టుపెట్టే చోట దురదగా ఉన్నా, కొద్దిగా తెల్లబడుతున్నట్టు అనిపించినా ఆ ప్యాకెట్ ఇంట్లోనే వదిలేయండి. వాటి వెనక జిగురులో వాడే ఒక రకం ఫినాల్ రసాయనం చర్మంలో రంగునిచ్చే కణాల్నే చంపేయగలదు. తెల్లమచ్చ అలానే వస్తుంది.

‘సహజం’ అని రాసి ఉన్నదాన్ని వదిలేసి, పారాబెన్లు ఉన్నదాన్ని తీసుకెళ్లండి

ఈ సలహాకి వచ్చినంత కోపం ఇంకే సలహాకీ రాదు. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

లావెండర్, టీ ట్రీ, నిమ్మ, నారింజ, గులాబీ నూనెలు మొక్కలనుంచి వచ్చినవే. అయితే అవి ఒకటీ రెండూ కాదు, పదుల కొద్దీ రసాయనాల కలయికలు. యూరోపియన్ యూనియన్ అలర్జీ తెచ్చే 26 పరిమళ పదార్థాలను గుర్తించి, కొద్దిపాటి మోతాదు దాటితే వాటిని పేరుపేరునా అట్ట మీద రాయాలని 2005 నుంచి అమలు చేస్తోంది. 2023లో ఆ జాబితాను 80 దాటించింది. అందులో లినలూల్ ఉంది, లిమోనీన్ ఉంది, జెరానియోల్, సిట్రాల్ ఉన్నాయి. లావెండర్ నూనెలో లినలూల్ పుష్కలం. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ముఖ్య భాగం లిమోనీనే. పైగా ఈ రెండూ గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ తెచ్చే గుణం పెరుగుతుంది. మీ ఇంట్లో సగం వాడి మూత వదులుగా పెట్టిన ఆ నూనె సీసా కొన్ననాటికంటే ఇప్పుడే ప్రమాదకరం.

నిమ్మతో ఇంకో చిక్కు కూడా ఉంది. రసం పడిన చేతి మీద గట్టి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆ తర్వాత మిగిలే నల్లమచ్చ వారాలు, నెలలు పోదు. సముద్రతీరానికి సెలవుల మీద వెళ్లేవాళ్లు నిమ్మ ప్యాకులూ, నిమ్మ నూనెలూ ముట్టుకోకండి.

ఇక పారాబెన్లు. ‘పారాబెన్ ఫ్రీ’ అని ముందు అట్ట మీద పెద్దక్షరాల్లో కనిపిస్తే చాలు, అదేదో మంచిదని చెయ్యి వెళ్లిపోతుంది. నీళ్లున్న ఏ క్రీములోనైనా క్రిములు పెరగకుండా ఏదో ఒక నిల్వపదార్థం ఉండి తీరాలి. పారాబెన్ల మీద భయంతో వాటిని తీసేసినచోట వచ్చి చేరినవాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒకటి. దానితో వచ్చిన దద్దుర్లు ఎంతగా పెరిగాయంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని 2013కి ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. రాసి కడగకుండా ఉంచే సౌందర్య సాధనాల్లో దాన్ని యూరప్ 2017లో నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లకి ఇచ్చిన పేరేమిటో తెలుసా? ఆ ఏటి ‘అలర్జీ కారకం కానిది’. అంత అరుదుగా అలర్జీ తెస్తాయి కాబట్టి. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లని దశాబ్దాల పాటు కాపాడిన నిల్వపదార్థాన్ని ఒక పుకారుతో వదిలేసుకుంటున్నాం. ఇది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రయాణంలో నిల్వపదార్థం అవసరం ఇంట్లోకంటే ఎక్కువ. తడిచేతుల్తో మూత తీస్తాం, సంచీ ఎండలో టాక్సీలో ఉంటుంది, డబ్బా మూడు చేతులు మారుతుంది. నిల్వపదార్థం ఏమీ లేదని గర్వంగా చెప్పుకునే ఇంటి తయారీ కలబంద జెల్లు అలాంటి చోట బూజుకి నిలయం.

అట్ట మీద ఇంకో మాట ‘హైపో అలర్జెనిక్’, అంటే అలర్జీ తక్కువ తెచ్చేదని. దానికి చట్టబద్ధమైన అర్థం ఇవ్వాలని అమెరికా ఆహార ఔషధ సంస్థ 1975లో ప్రయత్నించింది. రెండు సౌందర్య సాధనాల కంపెనీలు కోర్టుకెళ్లాయి. 1977లో అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఈరోజుకీ అక్కడ ఆ మాట ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. కాబట్టి ముందు వైపు ఏం రాశారో వదిలేసి, డబ్బా వెనక్కి తిప్పి, పదార్థాల వరసలో పరిమళం ఉందో లేదో వెతకండి. వాసన రాదంటే సరిపోదు. అసలు వాసనని కప్పిపుచ్చడానికి కూడా పరిమళాలు కలుపుతారు.

సున్నిపిండిని నేను ఈ గాటన కట్టను. చిన్నప్పటినుంచీ రుద్దుకుంటూ ఏ ఇబ్బందీ ఎరగనివాళ్లకి అది తెలిసిన వస్తువే. అయితే చలిదేశంలో ఒళ్లు పొడిబారి, పొలుసులు లేచినప్పుడు మాత్రం రుద్దకండి. పైగా అది పొడి. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 జూన్ 30 నుంచి 350 మిల్లీలీటర్లు మించిన పొడులకి చేతిసంచీలో ఇబ్బంది. శీకాయ, సున్నిపిండి, టాల్కం పౌడరు, కారప్పొడి అన్నీ సెక్యూరిటీ వాళ్లకి పొడులే. ఎక్కువ ఉంటే పెద్ద సామానులో పెట్టేయండి.

తడి వైప్స్ ప్యాకెట్ కొనకండి

మిథైల్ ఐసోథయాజోలినోన్ కథలో వైప్స్ పెద్ద దోషులు. పిల్లలకోసం కొన్న వైప్స్‌తో తల్లుల చేతులు పగిలిన సందర్భాలు చర్మవైద్యుల వ్యాసాల్లో చాలా ఉన్నాయి. తుడుచుకుని కడగకుండా వదిలేస్తాం కాబట్టి అందులో ఉన్నదంతా ఒంటి మీదే ఉండిపోతుంది. ఒక మెత్తటి నూలుగుడ్డ, కాసిని నీళ్లు చాలు. చేతులకి శానిటైజర్ వాడండి. వాసన లేనిది, గ్లిజరిన్ ఉన్నది చూసుకోండి. పగుళ్లు లేని చేతులకి, మాటిమాటికీ విమానం టాయిలెట్‌లోని సువాసనల సబ్బుతో కడగడం కంటే అదే మేలు.

టీఎఫ్ఎం ఎక్కువున్న సబ్బుని ఇంట్లో ఉంచండి

మంచి సబ్బంటే టీఎఫ్ఎం 76 శాతం పైనున్నదని ప్రతి ఇంట్లోనూ ఒకరైనా చెబుతారు. భారతీయ ప్రమాణాల్లో అది మొదటి గ్రేడు అన్న మాట నిజమే. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో ఆ అంకె చెబుతుంది. చర్మానికి అది ఎంత మృదువో చెప్పదు. నూనెకి క్షారం కలిపి చేసిన ఏ సబ్బుకైనా పీహెచ్ 9, 10 ఉంటుంది. మన చర్మానిది 5 దగ్గర. ఆ తేడాని మొండి చర్మాలు తట్టుకుంటాయి. సున్నితమైన చర్మం పైపొరలో తేమని పట్టి ఉంచే కొవ్వులు సడలిపోతాయి. బోరు నీళ్లలాంటి కఠిన జలం తోడైతే సబ్బు తెట్టుగా మారి ఒంటికి అంటుకుపోతుంది.

మీకు కావలసింది చూడటానికి సబ్బులా ఉండి సబ్బు కానిది. మందుల షాపుల్లో ‘సిండెట్ బార్’ అంటే ఇస్తారు. వెనక పదార్థాల్లో మొదటి వరసలోనే సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ కనబడాలి. సోడియం పామేట్‌తో మొదలైతే అది మామూలు సబ్బే. ఇదీ రెండు వారాల ముందే మొదలుపెట్టాలని వేరే చెప్పక్కర్లేదు. నాకు ఇది ఇంకో కారణానికి కూడా ఇష్టం. ఇది గట్టి వస్తువు. ద్రవాల లెక్కలోకి రాదు. ఒకే బార్ ముఖానికీ, ఒంటికీ, అవసరమైతే రెండు మూడుసార్లు తలకీ సరిపోతుంది. ఒక్క దెబ్బకి ఫేస్‌వాష్, బాడీవాష్, చేతుల సబ్బు మూడూ సంచీలోంచి దిగిపోతాయి. తడి ఆరాకే చిల్లుల పెట్టెలో పెట్టుకోండి.

తక్కువ తీసుకెళ్లండి, లెక్కపెట్టి తీసుకెళ్లండి

2006 ఆగస్టులో బ్రిటన్ పోలీసులు ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చాలన్న కుట్రని బయటపెట్టారు. ఆ ఏడాది నుంచే 100 మిల్లీలీటర్ల నియమం వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణంలో చేతిసంచీలో ఉండే ప్రతి ద్రవమూ, క్రీమూ, జెల్లూ 100 మిల్లీలీటర్లు మించని డబ్బాలో ఉండాలి. అవన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్పు కవరులో పట్టాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది డబ్బా పరిమాణం. 200 మిల్లీలీటర్ల ట్యూబులో అడుగున చెంచాడే మిగిలి ఉన్నా పక్కన పడేస్తారు. కొబ్బరినూనె చలికాలం గడ్డకట్టి రాయిలా ఉన్నా అది వాళ్ల లెక్కలో ద్రవమే. కొన్ని విమానాశ్రయాల్లో కొత్త సీటీ స్కానర్లు వచ్చి సడలింపులున్నాయి. వాటిని నమ్ముకోవద్దు. మధ్యలో దోహాలోనో, దుబాయ్‌లోనో మళ్లీ తనిఖీ ఉంటుంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో సామాను తీసుకుని మరో విమానం ఎక్కాలంటే అక్కడ ఇంకోసారి ఉంటుంది.

ఇప్పుడు మోతాదు. చూపుడువేలి చివరి గణుపు మీద ట్యూబులోంచి పిండిన గీతంత క్రీము దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటికి సరిపోతుందని లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు వైద్యులు 1991లో లెక్కగట్టారు. చర్మవైద్యులు ఇప్పటికీ ఆ కొలతే వాడతారు. ముఖానికీ మెడకీ రెండున్నర గీతలు, అంటే గ్రామున్నర లోపే. రోజుకి రెండుసార్లు రాసినా పది రోజులకి 25 గ్రాములు. కాబట్టి ముఖానికి 30 గ్రాముల ట్యూబు ఒక్కటి చాలు. ఒళ్లంతా రాయడానికి మాత్రం దాదాపు 40 గీతలు, ఒక్కసారికి 20 గ్రాములు కావాలి. 100 మిల్లీలీటర్ల డబ్బా ఐదుసార్లకే ఖాళీ. ఒంటికి రాసే మాయిశ్చరైజర్‌ని చేతిసంచీలో మొయ్యాలని చూడటం అందుకే వృథా ప్రయాస. దాన్ని పెద్ద సామానులో పెట్టండి. చేతిసంచీ ఒక్కటే ఉన్నవాళ్లు దిగాక ఉత్త పెట్రోలియం జెల్లీ కొనుక్కోండి. అందులో ఉండేది ఒకే పదార్థం కాబట్టి ఏ దేశంలో కొన్నా అదే వస్తువు. అంగడివాడు కలబంద కలిపినది, సువాసన కలిపినది అంటగడతాడు. ఒప్పుకోకండి.

చిన్న సీసాల్లోకి ఒంపుకునేవాళ్లకి రెండు మాటలు. ఎగిరే విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది, ఊటీలో ఉన్నట్టు. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి క్రీముని బయటికి తోస్తుంది. అందుకని ట్యూబుని నొక్కి గాలి బయటికి పంపాకే మూత బిగించండి. సన్‌స్క్రీన్‌ని, మందు క్రీముల్నీ మాత్రం అసలు ఒంపకండి, వాటి డబ్బాల్లోనే ఉండనివ్వండి. ఒంపిన ప్రతి సీసా మీదా పేరు రాయండి, అసలు డబ్బా వెనక భాగం ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. దద్దు లేస్తే డాక్టర్ మొదట అడిగేది అక్కడున్న పదార్థాల వరసే.

డాక్టర్ రాసిచ్చిన మందులకి 100 మిల్లీలీటర్ల నియమంలో మినహాయింపు ఉంది. చీటీతో సహా విడిగా తీసి, అడగకముందే చూపించండి. అవి పెద్ద సామానులో ఎప్పుడూ పెట్టకండి. ఆ పెట్టె వేరే ఊరికి వెళ్లిపోవచ్చు.

విమానంలో ముఖం కడగకండి, షీట్ మాస్క్ వేయకండి

పైన ఆకాశంలో గాలి మైనస్ యాభై డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లటి గాలిలో తేమ దాదాపు ఉండదు. దాన్నే లోపలికి తీసుకుని వెచ్చబెడతారు కాబట్టి క్యాబిన్‌లో తేమ సాధారణంగా 20 శాతం లోపే. అందుకే చర్మం లాగినట్టు ఉంటుంది, పెదవులు ఎండుతాయి. అప్పుడు అందరికీ తోచేది నీళ్లు చల్లుకోవడం. రోజ్ వాటర్ స్ప్రే చేసుకుంటారు, గంటకోసారి కడుగుతారు, జిగురుజిగురుగా ఉండే షీట్ మాస్క్ పరుచుకుంటారు. ఆ నీరు ఆరిపోతుంది, చర్మం మొదటికంటే పొడిబారుతుంది. షీట్ మాస్కుల్లో పరిమళం, నిల్వపదార్థాలు సరేసరి. హయలురోనిక్ యాసిడ్ సీరమ్‌ల పని తేమని పట్టి ఉంచడం. చుట్టూ గాలిలో తేమే లేనప్పుడు, పైన మూత వేసే క్రీము లేకుండా అదొక్కటే రాస్తే ఉపయోగం లేదు.

ఇంటి దగ్గర బయల్దేరే ముందు ముఖం కడుక్కుని, తడి ఆరకముందే మీ రోజువారీ క్రీము రాసుకోండి. విమానంలో బుగ్గలు, ముక్కు పక్కలు, పెదవులు, కళ్ల కింద పెట్రోలియం జెల్లీ పల్చటి పూత. 1872లో రాబర్ట్ చీస్‌బ్రో పేటెంట్ తీసుకున్న ఈ వస్తువుని మించి చర్మంలోని నీరు ఆవిరైపోకుండా ఆపేది, అంత తక్కువగా అలర్జీ తెచ్చేది నాకింకోటి తెలియదు. వందల రూపాయల రాత్రి క్రీముల కంటే ముందు దీన్ని చూడమని నా గట్టి మాట. మొటిమల తత్వం ఉన్నవాళ్లు నుదుటికీ గడ్డానికీ రాయకుండా వదిలేస్తే సరి.

రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ లాంటి పొరలు ఊడదీసే సరుకుని అందం కోసం మీకై మీరు వాడుతుంటే ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే ఆపి, ఇంట్లో వదిలేయండి. తిరిగొచ్చాక మొదలుపెట్టుకోవచ్చు. డాక్టర్ రాసిచ్చినవైతే వాళ్లని అడిగి నిర్ణయించుకోండి. సన్‌స్క్రీన్ కూడా విమానంలో మళ్లీమళ్లీ పూసుకోవద్దు. కిటికీ పక్క సీటైతే తెర దించండి. దిగాక బయటికి వెళ్లేటప్పుడు ధారాళంగా రాసుకోండి. చుర్రుమనేవాళ్లకి జింక్ ఆక్సైడ్ ఉన్నది నయం. మన రంగు మీద తెల్లగా కనబడుతుందంటే లేతరంగు కలిపినది దొరుకుతుంది. స్టిక్ రూపంలో ఉన్నదైతే గట్టి వస్తువు కాబట్టి జిప్పు కవరులో చోటు మిగులుతుంది.

ఫ్రిజ్‌లో ఉన్న ఆ ట్యూబుని తీసుకెళ్లకండి

దురదకీ, మచ్చకీ, తామరకీ, తెల్లబడటానికీ ఇంటిల్లిపాదీ వాడే ఒక ట్యూబు మన ఇళ్లలో ఉంటుంది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో గుర్తుండదు. ప్రయాణంలో అక్కరకొస్తుందని మొదట సంచీలో పడేది అదే. వెనక చదివితే క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు కనిపిస్తుంది. అది స్టెరాయిడ్. చాలాసార్లు దానితోపాటు శిలీంధ్రాల మందు, యాంటీబయాటిక్ కూడా కలిసి ఉంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్‌లో చేర్చింది. అయినా అవి అడగగానే చేతికొస్తున్నాయి.

ముఖం మీద వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు లేచి, సన్నటి వెంట్రుకలు పెరుగుతాయి. మన చర్మవైద్యులు దీన్ని ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అంటారు. మొదట్లో ముఖం నున్నగా, తెల్లగా కనిపించడం వల్ల దాని మీద నమ్మకం కుదురుతుంది. ఆపగానే మంట మొదలవుతుంది, దాంతో మళ్లీ రాస్తారు. నాది పుట్టుకతోనే సున్నితమైన చర్మమని చెప్పే ఆడపిల్లల్లో కొందరిది ఇలా తయారైన చర్మమే. ఈ మాట చెప్పడానికి మొహమాటపడను. మీరు ఇప్పటికే రోజూ ముఖానికి అలాంటిది రాస్తుంటే ప్రయాణం కోసమని ఉన్నపళంగా ఆపకండి. బయల్దేరడానికి నెలన్నా ముందుగా చర్మవైద్యుల్ని కలవండి. ఎగ్జిమా ఉండి, డాక్టర్ ఎక్కడ, ఎన్ని రోజులు రాయాలో చెప్పి ఇచ్చిన ట్యూబు వేరే విషయం. దాన్ని చీటీతో సహా తప్పక పట్టుకెళ్లండి.

క్రీములు తీసి, ఆ చోట పాత బట్టలు పెట్టండి

ఇలా తీసేయగా మిగిలేవి ఎన్నో చూడండి: సిండెట్ బార్, ముఖానికి ఒక క్రీము, పెట్రోలియం జెల్లీ, సన్‌స్క్రీన్, మందులు. సంచీలో బోలెడు చోటు. అందులో బాగా ఉతికి మెత్తబడిన నూలు దిండు గలీబు ఒకటి, పల్చటి తువ్వాలు ఒకటి పెట్టండి. హోటళ్ల దుప్పట్లకి వాడే సువాసనల డిటర్జెంటు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ బుగ్గకి రాత్రంతా తగులుతూనే ఉంటాయి. ఎనిమిది గంటలు ముఖానికి ఆనుకుని ఉండే బట్టని వదిలేసి, అరగ్రాము క్రీము గురించి ఆలోచించడం తలకిందుల లెక్క. ఉన్ని స్వెటర్ కింద నూలు బనియను వేసుకోండి.

హోటల్ గదిలో పెట్టిన షాంపూలు వాడకండి. చలిదేశంలో దిగిన తొలిరోజే కాళ్ల నొప్పులు పోతాయని మరిగే నీళ్లతో అరగంట స్నానం చేయకండి. హీటర్ నడిచే ఇంట్లో గాలి ఎలాగూ పొడి. వేడినీళ్లు చర్మంలో మిగిలిన కొవ్వుని కూడా తీసుకుపోతాయి. గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాలు, తువ్వాలుతో అద్దుకుని ఒంటి తడి మీదే జెల్లీ.

ఇంత చేసినా దద్దు లేస్తే, కొత్తగా మొదలుపెట్టినవన్నీ ఆ నిమిషమే ఆపేసి, నీళ్లూ జెల్లీ తప్ప ఇంకేం తగలనివ్వకండి. రోజుకోసారి వెలుతురులో ఫోటో తీయండి. ఊరొచ్చేసరికి తగ్గిపోయినా ఆ ఫోటోలు, పదార్థాల వరసల ఫోటోలు కలిపి చర్మవైద్యులకి చూపించి ప్యాచ్ టెస్టు గురించి అడగండి. పెదవులో నాలుకో ఉబ్బినా, గొంతు బిగిసినట్టున్నా, ఊపిరి అందకపోయినా అది వేరే వ్యవహారం. విమానంలో ఉంటే వెంటనే సిబ్బందిని పిలవండి. నేల మీద ఉంటే అమెరికాలో 911, యూరప్‌లోనూ మన దేశంలోనూ 112.